దారం కట్టిన సీసాల సారు

మొన్న మంగళవారం పొద్దున చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో ఫోన్ మోగింది. మల్లేశం. బీర్పూర్ మనిషి, జగిత్యాలలో నాతోపాటు ఇంటర్ చదివాడు. పదిహేనేళ్ళు మస్కట్‌లో పనిచేసి వచ్చి ఇప్పుడు రాయికల్‌లో ఉంటున్నాడు. పనుంటే తప్ప ఫోన్ చేసే మనిషి కాదు.

"పద్మా, మన కెమిస్ట్రీ సారు పోయిండట. కోరుట్లల. నిద్రలనే పోయిండని చెప్తున్నరు."

"అయ్యో" అన్నాను.

"మంచోడే పాపం. గని ఎంత పిరికి మనిషి! జీపు సప్పుడైతె చాలు, చేతుల చాక్‌పీసు కింద పడేది. యాదికున్నదా?" అని నవ్వాడు.

యాదికి లేకేం. కానీ ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండింది. నాలుగు దులిపేద్దామని నోటిదాకా వచ్చింది. వాడి తప్పేముంది, వాడికి తెలియదు. తెలియనివ్వకుండా నలభై ఏళ్ళుగా నోరు మూసుకున్నది నేను. పదోరోజున కోరుట్లలో కలుద్దామని చెప్పుకుని పెట్టేశాం. చాయ్ అలాగే చల్లారిపోయింది.

సారు పిరికివారే. అందులో అబద్ధమేమీ లేదు. పొట్టి మనిషి, ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా గుండీలు పెట్టిన చొక్కా. రోజూ కోరుట్ల నుంచి బస్సులో వచ్చి బస్సులో పోయేవారు. చొక్కా జేబులో వారం రోజుల బస్సు టికెట్లు మడతపెట్టి ఉండేవి. ఒకసారి కింద పడితే నేనే ఏరి ఇచ్చాను.

"పారెయ్యరా సార్, గివన్ని?"

"ఏ దినం ఎక్కడున్నవని ఎవలన్న అడిగితె చూపియ్యద్దా బిడ్డా?" అన్నారు.

అడిగేదెవరో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రోజుల్లో అడిగేవాళ్ళు రెండు వైపులా ఉండేవాళ్ళు. ఊళ్ళలో ఈడొచ్చిన పిల్లలు ఒక్కొక్కరే అడవిదారి పట్టారని చెప్పుకునేవారు. ఇంకొందరిని పోలీసులు జీపులో ఎక్కించుకుని పోయారని చెప్పుకునేవారు. రెండో మాట ఎప్పుడూ గొంతు తగ్గించి చెప్పేవారు.

మొదట్లో సారుకి రంగు చాక్‌పీసులంటే ఎంతో ఇష్టమట. కార్బన్లు తెల్లగా, కొసన ఉండే గ్రూపు ఎర్రగా గీసేవారని సీనియర్లు చెప్పేవారు. మేము చేరేనాటికి ఎర్ర చాక్‌పీసులన్నీ బీరువాలోకి పోయాయి, దానికో తాళం పడింది. గోడల మీద రాతలన్నీ ఎర్రగా ఉండే కాలం, బోర్డు మీద కూడా ఎరుపెందుకు అనుకున్నారేమో. పరీక్ష పేపర్లు దిద్దడం కూడా పెన్సిల్‌తోనే. మా క్లాసులో ఆకతాయిలు కొందరు ఆ పెన్సిల్ మార్కులు రబ్బరుతో చెరిపి పెంచుకునేవారు. ఆయనకు తెలుసు, ఊరుకునేవారు.

ఆయన భయాలన్నిట్లోకీ పెద్ద భయం సీసాలది. ల్యాబులో ప్రతి సీసా నడుముకీ ఒక దారం కట్టి ఉండేది. లోపల మందు ఎక్కడిదాకా ఉందో సరిగ్గా అక్కడ. ఆయనది సాలెవాళ్ళ ఇల్లే. మగ్గం మీద తెగిన పోగుకు వేసే చిన్న ముడి వేసేవారు, గోరు పెట్టి వెతికితే గాని దొరకదు. మందు వాడినకొద్దీ దారాన్ని కిందికి జరిపేవారు. పొడి మందైతే సీసాను బల్లమీద తట్టి చదును చేసి అప్పుడు కట్టేవారు. పొద్దున రాగానే మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి, ఒక్కో సీసానూ చూసుకునేవారు. అన్నీ సరిగ్గా ఉంటే లేచి మోకాళ్ళు దులుపుకునేవారు. ఆ తర్వాతే ముఖంలో నెత్తురు కనిపించేది.

ఇంత భయస్థుడు పాఠం మొదలుపెడితే మాత్రం ఇంకో మనిషి. కర్బన రసాయన శాస్త్రం అంటే మా అందరికీ వణుకు. బారెడు పేర్లు, గీతల మీద గీతలు. మొదటి రోజే సారు పుస్తకాలు మూయించి జేబులోంచి దారపు ముక్కలు తీసి ముందు బెంచీ వాళ్ళకు పంచారు.

"కార్బన్‌కు నాలుగు చేతులు. నాలుగే. మూడైతె ఊకోదు, అయిదైతె బతుకది. ముందుగాల చేతులు లెక్కవెట్టుండ్రి, ఎనుక పేరు పెట్టుండ్రి" అన్నారు. ఆడపిల్లలూ మగపిల్లలూ చేతులు పట్టుకునే కాలం కాదు కాబట్టి మధ్యలో దారం. ఒక దారమైతే ఏకబంధం, రెండు దారాలైతే ద్విబంధం. ఒక గంటలో మేమంతా ఈథేన్ అయ్యాం, ఎథిలీన్ అయ్యాం. మూడు దారాలు పట్టుకోబోయి చిక్కుపడి ఎసిటిలీన్ కాలేకపోయాం.

"ఎంత పొడుగున్నదని బెదరకుండ్రి. కొసకు ఏమున్నదో చూడుండ్రి. ఓహెచ్ ఉన్నదా, ఆల్కహాలు. సీఓఓహెచ్ ఉన్నదా, ఆమ్లం. ఎన్‌హెచ్‌టూ ఉన్నదా, అమీన్. పని చేసేది కొసనే, తోకంత ఊకనే ఎంబడి వస్తది."

ఇప్పటికీ నా మనవరాలు పుస్తకం పట్టుకుని వస్తే ఇదే చెప్తాను. సారు మాటే ఇంకోటి కూడా చెప్తాను. "రెండు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. ఒక తీరుగ కూసుంటె సారాయి. ఇంకో తీరుగ కూసుంటె సీసల నిలువని గాలి. ఎవలెవలు ఉన్నరని కాదు, ఎవల పక్కపొంటి ఎవలు కూసున్నరు, గది చూడుండ్రి." ఈ మాట అన్నాక ఆయన ఒక్క క్షణం ఆగి కిటికీ వైపు చూసేవారు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారని బయట కూడా అడుగుతున్నారని మాకూ తెలుసు.

బెంజీన్ రోజు మాత్రం మర్చిపోలేను. క్లాసులో చోటు చాలదని కాలేజీ మైదానంలోకి తీసుకుపోయి ఆరుగురిని గుండ్రంగా నిలబెట్టారు. నా కుడిపక్కన మల్లేశం. నాకూ వాడికీ మధ్య రెండు దారాలు, నాకూ ఎడమపక్క పిల్లకూ మధ్య ఒకటి. సారు చప్పట్లు కొడితే రెండో దారం అటు నుంచి ఇటు మారాలి. మళ్ళీ కొడితే మళ్ళీ మారాలి. "జల్ది! ఇంక జల్ది! ఇప్పుడు చెప్పుండ్రి, రెండు దారాలు యాడున్నయి?" అని ఆయన అరుస్తుంటే, మాకు నిజంగానే ఎక్కడున్నాయో తెలియలేదు. అంతటా ఉన్నట్టే ఉంది. బెంజీన్ సంగతి నాకు అప్పుడు అర్థమైంది.

అంతలో రోడ్డు మీద జీపు వేగం తగ్గించింది. కాలేజీ పిల్లలు గుండ్రంగా చేరారంటే ఆ రోజుల్లో అది పాఠం అని ఎవరూ అనుకోరు. సారు చేతులు గాలిలోనే ఆగిపోయాయి. పెదవులు కదలకుండా, "నవ్వుండ్రి బిడ్డా, ఆట ఆడుతున్నట్టు నవ్వుండ్రి" అన్నారు. నవ్వాం. ఆరుగురం దారాలు పట్టుకుని పిచ్చివాళ్ళలా పకపకా నవ్వాం. జీపు కాసేపు ఆగి వెళ్ళిపోయింది. సారు అక్కడే మట్టిలో కూలబడ్డారు. దారాలన్నీ ఏరుకుని లెక్కపెట్టుకున్నారు. మల్లేశం చెప్పి నవ్వేది ఈ రోజు గురించే.

ఇక నేను చేసిన పని.

మాది సిరిసిల్లలో రంగుల ఇల్లు. నాన్న నూలుకు అద్దకం వేసేవాడు. నేను జగిత్యాలలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. ఒక శుక్రవారం సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి నాన్న అత్త వాళ్ళ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముందు పెట్టిన అన్నం ముట్టుకోలేదు.

చీరల ఎర్ర అంచుకు వేసే రంగుకి రెండు తొట్లు కావాలి. మొదటి తొట్టిలో ముంచితే నూలుకు రంగేమీ కనిపించదు, కొంచెం పసుపు తిరుగుతుంది అంతే. రెండో తొట్టిలో ముంచినప్పుడు ఒక్కసారిగా ఎరుపు వస్తుంది. ఆ రెండో తొట్టికి మంచుగడ్డ కావాలి, పాలిపోయిన ఉప్పులాంటి ఒక మందు కావాలి. నాన్న మొదటి తొట్టిలో నూలంతా ముంచి ఆరేశాక చూసుకున్నాడట, మందు డబ్బా అడుగంటింది, ఉన్నది చెమ్మపట్టి గట్టిపడింది. ముంచిన నూలు ఎక్కువ రోజులు ఆగదు.

"కరీంనగర్ పోయిన. ఈడ గూడ అన్ని దుకాణాలు తిరిగిన. పోలీసోళ్ళ కాయిదం ఉంటెనే మందు ఇస్తడట. మనకెవడిస్తడు కాయిదం? ఎల్లుండికి రంగు ఎక్కకుంటె నూలంత ఖరాబైతది" అన్నాడు నాన్న. ఆ నూలు మాది కాదు, సేటుది. నాన్న గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు. చీకటి పడకముందే బస్సు పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ మందు పేరు సోడియం నైట్రైట్. మా ఇంట్లో డబ్బా మీద ఉన్న పేరే ల్యాబులో మూడో అరలో ఒక సీసా మీద ఉంది. మా ఇంట్లో మూలన పడి ఉండే వస్తువు. దాన్ని తీసుకోవడం దొంగతనం అని నాకు తట్టనే లేదు, పక్కింటి నుంచి గిన్నెడు ఉప్పు తెచ్చుకున్నట్టే అనిపించింది. సారు దారం కూడా యాదికి రాలేదు. రోజూ చూసే దారమే, ఆ రోజు కంటికి ఆనలేదు.

శనివారం మధ్యాహ్నం టెస్ట్ ట్యూబులు కడిగే వంతు నాది. సగం సీసా మందు కాగితంలో పోసి, టిఫిన్ డబ్బా కింది గిన్నెలో పెట్టి, పై గిన్నెలో అన్నం పెట్టాను. సాయంత్రం సిరిసిల్ల బస్సెక్కాను. వేములవాడ దాటాక పోలీసులు బస్సు ఆపారు. కానిస్టేబుల్ నా డబ్బా విప్పాడు. పై గిన్నె చూశాడు, కింది గిన్నె చూశాడు.

"ఏందిది?"

"ఉప్పు సార్."

"సిరిసిల్లల ఉప్పు దొరుకదా?"

బస్సులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన కూడా నవ్వి డబ్బా నా ఒళ్ళో పడేశాడు. ఇల్లు చేరేదాకా ఆ డబ్బా మూత మీంచి చెయ్యి తియ్యలేదు.

"యాడిది బిడ్డా?" అన్నాడు నాన్న.

"మా సారు ఇచ్చిండు."

"దేవుడసొంటి సారు" అన్నాడు నాన్న. ఆ గిన్నెను మళ్ళీ అన్నానికి వాడొద్దని బయట పారేశాడు. ఆదివారమంతా ఆయనతోపాటు నూలు ముంచాను. మంచి ఎరుపు వచ్చింది. నాన్న ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నా గోళ్ళ సందుల్లో రంగు ఎంత రుద్దినా పోలేదు.

సోమవారం సారు క్లాసులోకి రాగానే తెలిసిపోయింది. ముఖంలో నెత్తురు లేదు. బోర్డు మీద ఒక నిర్మాణం గీశారు. వెనక నుంచి ఎవరో, "సార్, కార్బన్‌కు అయిదు చేతులున్నయి" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన చూసుకుని చేత్తోనే చెరిపేశారు. తర్వాత మా వైపు తిరిగి నెమ్మదిగా అన్నారు:

"ఎవలన్న అవుసరం కొద్ది ల్యాబుల కెల్లి ఏమన్న తీస్కపోతె నాకు చెప్పుండ్రి. తిట్ట. ఒట్టు, తిట్ట."

నేను తల వంచుకున్నాను. సాయంత్రం చెబుదాం, అందరూ వెళ్ళాక చెబుదాం అనుకున్నాను. సాయంత్రం దాకా ఆగే పని లేకపోయింది. మధ్యాహ్నం మేము ల్యాబులో ఉండగానే ఎస్సై వచ్చాడు, వెంట ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఆ వారం ఎక్కడో రోడ్డు మీద కల్వర్టు పేల్చేశారట, బాంబు మందు ఎక్కడిదని వెతుకుతున్నారు. కాలేజీల్లో మందులన్నీ చూసుకుంటూ వస్తున్నారు.

ఎస్సై కోస్తా వైపు మనిషి, చదువుకున్నవాడిలా ఉన్నాడు, మాట కూడా మెత్తనే. "ఏంటి మాస్టారూ ఈ దారాలు?" అన్నాడు. సారు చెప్పారు. వణుకుతూనే, కొంచెం గర్వంగా కూడా, మొదటి అర నుంచి ఒక్కో సీసా చూపిస్తూ చెప్పారు. "భలే పద్ధతండీ" అన్నాడు ఎస్సై. రెండో అర. మూడో అర. సారు ఆ సీసాను దాటేసి పక్క సీసా మీద చెయ్యి పెట్టారు. ఎస్సై దాటనివ్వలేదు.

"ఇదేంటి, దారం పైనుంది, మందు కిందుంది?"

సారు సీసాను బల్లమీద ఒకసారి తట్టి చూశారు.

"తాళం మీ దగ్గరే ఉంటుందా?"

"ఉంటది సార్."

"కాలేజీకి రాకుండా తిరుగుతున్న పిల్లలెవరైనా ఉన్నారా?" అంటూ బల్ల మీది హాజరు పట్టీ తిప్పాడు. ఎనిమిది రోజులుగా ఒక్కడే రావడం లేదు. మల్లేశం. "ఏ ఊరు?" అన్నాడు. "బీర్పూర్" అని ఎవరో అన్నారు. అడవి అంచు ఊరు. ఎస్సై పెన్ను తీసి చిన్న కాగితం మీద ఆ పేరు రాసుకున్నాడు. అప్పటిదాకా మెత్తగా ఉన్న ముఖం మారిపోయింది.

నేను చెప్పాలి. 'నేనే తీసినా సార్' అంటే అయిపోతుంది. కానీ చెబితే సిరిసిల్ల పోతారు, నాన్నను తీసుకుపోతారు, రంగు తొట్లు చూస్తారు, సేటు నూలు చూస్తారు. చెప్పకపోతే మల్లేశం. ఏ ఊళ్ళో ఎవరు ఎట్లా పోయారో మాకందరికీ తెలుసు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ నిమిషంలో నేను మల్లేశాన్ని వదిలేశాను.

సారు మమ్మల్ని ఒక్కొక్కరినే చూస్తూ వచ్చారు. నా దగ్గర ఆగారు. నా ముఖం కాదు, బల్ల మీద ఉన్న నా చేతులు చూశారు. నేను గోళ్ళు లోపలికి ముడుచుకున్నాను.

"సార్, గది ప్రాక్టికల్‌కు వాడినం" అన్నారు ఎస్సైతో.

"సగం సీసానా?"

"సగం సీస. దారం జరుపుడు మరిచిపోయిన."

ఆయన దారం జరపడం మర్చిపోయారంటే మా క్లాసులో చీమ కూడా నమ్మదు. ఆ మందుతో చేసే రంగు ప్రయోగానికి ఆయన వాడించేది చిటికెడు. గోరంత గుడ్డముక్కకు రంగు వేయించి, రికార్డులో అంటించి, మిగిలిందంతా పారబోయించేవారు. ఒక్కరూ నోరు మెదపలేదు.

"అయితే ఇప్పుడు చెయ్యండి. నేనూ చూస్తాను" అని ఎస్సై స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

మంచుగడ్డ కావాలి. కానిస్టేబుల్ సోడా దుకాణానికి పోయి గోనెసంచిలో తెచ్చాడు. అనిలీన్‌ను ఆమ్లంలో కలిపి, మంచులో పెట్టి, అయిదు డిగ్రీలు దాటకుండా చూస్తూ, చల్లటి నైట్రైట్ నీళ్ళు చుక్కచుక్క పొయ్యాలి. వచ్చేది చల్లగా ఉన్నంతసేపే నిలుస్తుంది. గింజలు లెక్కపెట్టినట్టు మందు తూచే మనిషి ఆ రోజు పిడికెడు తీసి బీకరులో కుమ్మరించారు. "ఒక్క బ్యాచుకు గింతవడుతది సార్" అన్నారు. బీకరుకు గాజు కడ్డీ తగిలి టకటకా మోగుతూనే ఉంది. మధ్యలో ఎస్సై, "ఈ మల్లేశం ఎలాంటివాడు మాస్టారూ?" అని అడిగాడు. సారు జవాబు చెప్పబోయారు. అంతే, మంచు మీద నుంచి బీకరు జరిగింది. బుడగలొచ్చాయి, నీళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. నాఫ్తాల్‌లో, అంటే నాన్న మొదటి తొట్టిలో వేసే మందులో, పోస్తే మురికి బురద.

ఎస్సై చిన్నగా నవ్వాడు. "ఇదేనా?"

గోనెసంచిలో మంచు పిడికెడే మిగిలింది.

"ఇంకొక్కపారి సార్" అన్నారు సారు. తర్వాత నా వైపు తిరిగారు. "గీ పిల్లది సిరిసిల్ల, రంగులోళ్ళ ఇల్లు. గీమెకు చెయ్యి తిరిగిన పని. రా బిడ్డా, నువ్వు పట్టు."

నేను బల్ల దగ్గరికి వెళ్ళాను. బీకరు రెండు చేతులతో మంచులో పట్టుకున్నాను. ఈ పని చిన్నప్పటి నుంచి చూసినదే. సారు తొందరపడి పొయ్యబోతే, "ఆగుండ్రి సార్, ఇంక సల్లవడలె" అన్నాను. ఆగారు. "ఇప్పుడు పొయ్యుండ్రి. గంతే. ఆగుండ్రి." నేను చెప్తుంటే ఆయన చేశారు. వేళ్ళు కొయ్యబారాయి. మంచు మొత్తం నీళ్ళయింది. బీకరులోది మాత్రం తేటగానే ఉంది.

గుడ్డ కోసం సారు జేబులోంచి తెల్ల రుమాలు తీశారు. నాఫ్తాల్ నీళ్ళలో ముంచి పిండారు. నేను ముంచడానికి గాజు కడ్డీ తీసుకున్నాను. అప్పుడు ఆయన నా చేతిలోంచి కడ్డీ లాక్కున్నారు.

"చెయ్యితోనె ముంచు" అన్నారు.

రెండేళ్ళలో ఆయన నోటి నుంచి అలాంటి మాట వినలేదు. మందు చేతికి తగిలితే గంటసేపు కడిగించే మనిషి. నేను అర్థం కాక చూశాను. "రెండు చేతులు పెట్టు బిడ్డా. మంచిగ, గోర్ల దాకా" అన్నారు, చాలా మెల్లగా. అప్పుడు అర్థమైంది. రెండు చేతులూ ముంచాను. తెల్ల రుమాలు నా చేతుల్లోనే ఎర్రబడింది. వేళ్ళూ గోళ్ళూ అన్నీ ఎర్రబడ్డాయి. నిన్నటి రంగు ఏదో ఇవాళ్టి రంగు ఏదో ఇక ఎవరూ చెప్పలేరు.

ఎస్సై లేచి రుమాలు చూశాడు, నా చేతులు చూశాడు. "సరే" అన్నాడు. కాగితం మీద మల్లేశం పేరు కొట్టేశాడు. మేమంతా ఊపిరి వదిలాం. అతను పెన్ను మూయలేదు. "మీ ఇల్లెక్కడ మాస్టారూ? కోరుట్లలోనా? ఏ వీధి?" అని అడిగి అదే కాగితం మీద రాసుకున్నాడు. "అవసరమైతే వస్తాను. ఏ టైంకైనా" అని వెళ్ళిపోయాడు.

అందరూ పోయాక నేను బల్లలు తుడుస్తూ ఏడుస్తున్నాను. సారు సీసాకి దారం సరిచేస్తూ, నా వైపు చూడకుండా, "నాయినకు పని ఎల్లిందా?" అన్నారు.

"ఎల్లింది సార్."

"మల్ల కావాల్నంటె అడుగు. అడిగి తీస్కపో." ముడి బిగించాక, "గోర్లు తీసుకో బిడ్డా" అన్నారు. అంతే. ఆ సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. మల్లేశం ఇంకో నాలుగు రోజులకు వచ్చాడు, కళ్ళు పచ్చగా, బక్కచిక్కి. కామెర్లట. పసరు మందు తాగి ఇంట్లో పడుకున్నాడట. వాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎస్సై వచ్చిన మాట ఎత్తడానికే అందరికీ భయం. సారు మరుసటి ఏడాది బదిలీ చేయించుకుని పోయారు. పరీక్షలు, పెళ్ళి, ఉద్యోగం అంటూ నేనూ పోయాను. ఒక్కసారైనా పోయి కాళ్ళకు దండం పెట్టాలనుకుంటూనే ఇన్నేళ్ళు గడిపాను. ధైర్యం చాల్లేదు. ఆయన్ని పిరికి మనిషి అనే హక్కు నాకైతే లేదు.

పదోరోజున కోరుట్ల వెళ్ళాం. వాకిట్లో టెంటు వేశారు. భోజనాలయ్యాక నేనూ మల్లేశమూ లోపల చాప మీద అమ్మ పక్కన కూర్చున్నాం. అమ్మ అంటే సారు భార్య. చిన్న మనిషి, మాట గట్టిది. మల్లేశం జీపు కథ చెప్పాడు. ఆమె కూడా నవ్వింది.

"ఇంట్ల గూడ గంతే కొడుకా. గని ఒక యాడాది మరీ పిచ్చి లేసింది ఆయనకు. మీరు చదివిన యాడాదేనేమో. ఆరు నెలలు అంగి, ప్యాంటు మీదనె పండుకున్నడు. బెల్టు గూడ తియ్యకపోయేది. లుంగి కట్టుకోరాదు, ఉక్కపోస్తలేదా అంటె, 'లుంగి మీద తీస్కపోతె బాగుండది' అంటడు. ఎవలు తీస్కపోతరు, నువ్వేం జేసినవు అంటె నోరు తెరువడు. తలాపుకు సంచి, సంచిల టవాలు. నన్ను ఇడిసిపెట్టి యాడికో పోతడనుకున్న. ఎవతన్న ఉన్నదేమోనని గూడ అనుమానపడ్డ. చచ్చెదాక చెప్పలె. మీకేమన్న ఎర్కనా బిడ్డా?"

"ఏముంటది అమ్మా, సారు ఊకెనే భయపడేటోడు" అన్నాడు మల్లేశం.

"ఆగు మల్లేశం" అన్నాను. "ఎర్కనే అమ్మా. నా వల్లనే."

అన్నీ చెప్పాను. నాన్న నూలు, టిఫిన్ డబ్బా, కాగితం మీద మల్లేశం పేరు, దాని కిందే ఈ ఇంటి అడ్రసు. సగం చెప్పేసరికి మల్లేశం లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. నేను వాడి వైపు చూడలేకపోయాను.

అమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె చాప పుల్ల ఒకటి పీకుతూ కూర్చున్నది.

"గా ఆరు నెలలు నేను ఆయనతోని సక్కగ మాట్లాడనే లేదు, బిడ్డా" అన్నది.